ఉత్తి కాళ్లతో పడవెక్కితే

గచ్చిబౌలి

తాతకు, ప్రభువు దయవల్ల కులాసా. ఫోనులో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను.

దేశం తరఫున తెరచాప పడవల పందేలకు కొత్తగా జట్టు కడుతున్నారు. ఆఫీసుకు సెలవు పెట్టి హుస్సేన్‌సాగర్‌లో ఎంపికకు వెళ్లాను. చెప్పులతో నావెక్కితే నువ్వు ఊరుకునేవాడివి కాదుగా, అలవాటుగా బూట్లు ఒడ్డున విప్పేశాను. “ఏందమ్మా, గుడికొచ్చినవా? జర బూట్లేసుకో, కాలు తెగుతది” అని కోచ్ కసిరాడు. వేసుకున్నాను, గెలిచాను, జట్టులో చోటొచ్చింది. కానీ కాళ్లకు చెక్క తగలక, పడవెక్కినట్టే లేదు.

మామ్మ మోకాళ్లకు పంపిన నూనె అందిందా?

మన పాత నావను కట్టెలకు అమ్మేస్తున్నావట. నేను వచ్చేదాకా ఆపు. ఆపలేకపోతే, నా బదులు నువ్వొకసారి ఎక్కి కూర్చో, ఉత్తి కాళ్లతో.

మామ్మకు వందనాలు.
నీ మనవరాలు దీవెన