అవ్వ మార్చిన నీళ్ళు

చెన్నమ్మకు,

మొదటి బస్సుకు మార్కాపురం పోతున్నాను. నువ్వు నింపి గూట్లో పెట్టిన సీసాలను కర్నూలు డాక్టర్లకు ఇవ్వకు. వాటిలో ఉన్నవి మన బావి నీళ్ళు కావు. నువ్వు లేవకముందే అవ్వ ఆ నీళ్ళు పారబోసి, వాగులో చెలమ తవ్వి తెచ్చిన తియ్యనీళ్ళు పోసింది.

ఎందుకని అడిగాను. "పెద్ద డాక్టర్లకు ఎవరన్నా ఉప్పునీళ్ళు పంపుతారేందిరా? పిల్ల మొగం ఏం గావాల?" అన్నది. తాగడానికి కాదు, పరీక్షకని చెప్పాను. "నోట్లో పోసుకోకుండా ఎట్ల తెలుస్తాదంట?" అన్నది.

ఈ సీసాలే పోతే మన బావిలో దోషం లేదని రాసుకుంటారు. మన పిల్లల పళ్ళ మీద గార, పెద్దల మోకాళ్ళ వంకర ఎందుకు వస్తున్నాయో ఇంకెక్కడో వెతుక్కుంటారు. పరిశోధన పని నేర్పుతామని ఆ డాక్టర్లు పీయూసీ పిల్లల్లో నిన్నొక్కదాన్నే తీసుకున్నారు. నీ చేతి మీదుగా తప్పు నీళ్ళు పోకూడదు.

సీసాలను బావి నీళ్ళతోనే కడిగి, మళ్ళీ నింపు. చెలమ నీళ్ళు మాత్రం పారబోయకు, కుండలో పోసి ఉంచు. అవ్వను ఒక్క మాట కూడా అనకు. ఆ నడుముతో వాగు దాకా పోయి వచ్చింది.

నాయన

ఇంకొకటి. డాక్టర్లకు చూపిస్తాను రమ్మంటే అవ్వ నన్ను కసిరింది. నువ్వు చెయ్యి పట్టుకుని తీసుకుపో. ఆ బావి నీళ్ళు మనింట్లో అందరికంటే ఎక్కువ ఏండ్లు తాగింది ఆమే.