కొత్త బియ్యం ముద్ద

సిరుగుప్ప క్యాంపు,
12-7-1959

నా చేతి అన్నం తిని పెరిగిన శ్రీమన్నారాయణకు, వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బళ్ళారి ఆసుపత్రిలో మీ అన్నయ్యను చూసుకున్న ఆయా దేవక్క ఇప్పుడు వేరే ఆసుపత్రిలో పనికి చేరిందట, అక్కడికీ అర్జీ రాసి పనిలోంచి తీయించేస్తానన్నావు. ఆగు నాయనా. ఇది చదివాక నీకు నా మొహం చూడబుద్ధి కాకపోవచ్చు, అయినా చివరిదాకా చదువు.

కాలవ నీళ్ళు వచ్చాయని గుడివాడ దగ్గర ఉన్నదంతా అమ్ముకుని ఇక్కడికి వచ్చాం కదా. మొదటి పైరు నాటేనాటికే మీ అన్నయ్యకు పొద్దున తిన్నది సాయంత్రానికి వాంతయ్యేది. గట్టు మీద కూర్చుని కక్కుకుంటూనే నాట్లు వేయించారు. కోతలయ్యాక డాక్టరు శివరామకృష్ణయ్య గారు కడుపు కోసి, క్యాన్సరంటారే, ఆ పుట్టకురుపు పట్టిన జీర్ణకోశం ముప్పాతిక భాగం తీసేసి, మిగిలిన దానికి పేగు కలిపి కుట్టారు. అయిదు రోజులు నోటికి చుక్క నీరు కూడా ఇవ్వొద్దని నాకూ, అత్తయ్యకూ, దేవక్కకూ గట్టిగా చెప్పారు.

మన ఇంట్లో కొత్త బియ్యం యజమాని తినందే ఎవరూ ముట్టరు. అత్తయ్య ఆ పట్టు వదల్లేదు. మూడో రోజు పొంగలి వండి, సత్తు గిన్నెలో పెట్టి నా చేతికిచ్చింది. నేను వద్దనలేదు. చూడగానే ఆయన, "పుష్పా, మన చేలో గింజ రుచి చూడకుండానే పోతానా?" అన్నారు. ఛీ, ఏం మాటలండీ అన్నాను. రోగం కోసి పారేశారు, ఇక మిగిలింది మంచి కడుపే, ఒక్క ముద్దకేమవుతుంది అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పోయింది. ముద్ద పెట్టాను. ఇంకోటి అడిగితే అదీ పెట్టాను.

అయిదో రోజు జ్వరం, పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. మళ్ళీ కోశారు. బయటికొచ్చి డాక్టరు గారు, "లోపల మెతుకులున్నాయి, ఎవరు పెట్టారు?" అని అరిచారు. అత్తయ్య నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. నువ్వు దేవక్కే పెట్టిందని ఆమె మీద పడ్డావు. ఆమె నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. రెండు రోజులకు ఆయన పోయారు. నీ ఫిర్యాదు మీద ఆమెను పనిలోంచి తీసేశారు.

ఏడు నెలలుగా అన్నం కలుపుకునేటప్పుడల్లా నా చెయ్యి నాకే అసహ్యం వేస్తోంది. ఆ అర్జీ పంపకు.

నీ వదిన,
పుష్పావతి

సిరుగుప్ప క్యాంపు,
29-7-1959

శ్రీమన్నారాయణా,

నా ఉత్తరం నీకు చేరేలోపే నీ అర్జీ ఆ ఆసుపత్రికి చేరింది. దేవక్కను అక్కడా తీసేశారు. నిన్న వెతుక్కుంటూ వెళ్ళాను. కాలవ పూడిక పనిలో మట్టి మోస్తోంది. తట్ట దించకుండానే నన్ను ఎగాదిగా చూసింది. ఆ ముద్ద నేనే పెట్టానని చెప్పాను.

"నాకు తెలుసులేమ్మా. గది వాకిట్లో నిలబడి సూస్తానే ఉంటిని," అంది.

నేను ఆమె దారికి అడ్డం నిలబడ్డాను. "చూసీ ఆపలేదేం?"

"ఆపాల్సిందే. ఆయప్ప కండ్లు మూసుకొని నములుతాంటే, నోట్లో కూడు యాడ లాగేది? నా తప్పూ ఉండాది."

"మరి నిన్నన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"తాళి తెంపుకోబోయేదానివి, మొగుణ్ణి నువ్వే సంపినావని ఆ పొద్దు నీకు సెప్పేదా? పని ఇంగోటి దొరుకుతాదనుకొంటి." అంతలోనే గొంతు పెంచింది. "నువ్వేంది, ఇన్ని నెల్లు యాడ పోయింటివి? నా కూతురు ఇస్కూలు మానేసె. ఇప్పుడొచ్చి ఏడుస్తావా? పో, అడ్డం లెయ్!"

అక్కడినుంచి నేరుగా బళ్ళారి బస్సెక్కి డాక్టరు గారి దగ్గరికి పోయాను. ఆయన అంతా విన్నారు. "మెతుకుల వల్ల కుట్టు విడిందో, కుట్టు విడ్డాక మెతుకులు బయట పడ్డాయో నేను చెప్పలేనమ్మా. ఆ రోజే చెప్పివుంటే ఒక ఆడమనిషి పని మాత్రం పోయేది కాదు," అన్నారు. నాకు శిక్ష పడ్డా బాగుండేది. నాకు దక్కింది ఈ తేలని అనుమానమే.

నువ్వు అప్పుడిచ్చిన ఫిర్యాదు ఆయన బల్ల సొరుగులోనే ఉంది. తీయించి, దేవక్క పేరు కొట్టేసి నా పేరు రాశాను. రెండో ఆసుపత్రికీ అలాగే రాసిచ్చాను. ఆమెను తిరిగి తీసుకుంటారో లేదో తెలియదు. తీసుకునేదాకా తిరుగుతాను.

నన్ను వదినా అని పిలవాలో వద్దో ఇక నువ్వే తేల్చుకో. ముందు మాత్రం ఇక్కడికి రా. వచ్చి, అందరి ముందూ ఆమెను అన్న మాటలు అందరి ముందే వెనక్కి తీసుకో.

పుష్పావతి