తమ్ముడు లేని పిల్ల తోట

తమ్ముడూ,

ఈరోజు నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక పిల్లలు టీవీలో సినిమా పెట్టారు. తాత రాసిచ్చిన ద్రాక్షతోట కోసం ఒక పిల్ల, ఒక పిల్లగాడు కొట్లాడి, చివరికి పెళ్లి చేసుకుంటారు. ఇల్లంతా నవ్వింది.

"గా పిల్లకు తమ్ముడు లేడక్కా, గందుకే తోట దక్కింది" అన్నది చెల్లె.

శామీర్‌పేటలో నాయిన వేసిన అనాబ్‌షాహి ద్రాక్ష పందిరి గుర్తొచ్చింది.

"తోట నేనెందుకమ్ముతనే? నీ ఎంకన్న మీదొట్టు. సంతకం పెట్టక్కా" అన్నావు, నాయిన పోయాక నా వాటా వదులుకునే కాగితం ముందుపెట్టి. ఆ దేవుడి పేరు విని పెట్టాను. నెల తిరగకముందే పందిరి పీకించి ప్లాట్ల రాళ్లు పాతించావు.

ఏటా తొలి గుత్తి ఎంకన్నకే పెట్టేవాళ్లం. ఈరోజు మేడ్చల్ బజారులో కొన్న ద్రాక్ష ఆయన ముందుంచి, నీకు శాంతినిమ్మని మొక్కాను. నీ ఫొటో ముందు మాత్రం అరటిపండు పెట్టాను. ద్రాక్ష పెట్టడానికి చెయ్యి రాలేదు.

అక్క