సంతోషం వచ్చినప్పుడు

మార్చి 4

కౌన్సెలర్ మేడమ్ మళ్లీ అదే అడిగింది, ఇప్పుడు లోపల ఏమనిపిస్తోందని. ఏమో అన్నాను. ఏమో అనేది ఫీలింగ్ కాదంది. మత్తు మాత్రలు మింగినన్నాళ్లూ ఏదీ పూర్తిగా అనిపించలేదు. మానేశాక అన్నీ ఒకేసారి తోసుకొస్తున్నాయి. వచ్చింది కోపమో ఆకలో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

కోపమొస్తే చేతిలో పని కింద పెట్టాలట. ఊపిరి నెమ్మదిగా వదలాలట. సరే.

మార్చి 7

నేను పనిచేసే ఫొటో ఫ్రేముల షాపులో ఒకావిడ నా మీద గొంతు చించుకుంది. వాళ్లాయన ఫొటో వంకరగా బిగించానట. నిజానికి ఆయనే వంకరగా నిలబడ్డాడు. ఒకప్పటి నేనైతే గాజు విసిరికొట్టేదాన్ని. చేతిలో ఉన్న గాజు కట్టర్ కింద పెట్టాను. ఊపిరి వదిలాను. విప్పి, మళ్లీ అలాగే బిగించిచ్చాను. ఇప్పుడు బాగుందంది!

మార్చి 8, మధ్యాహ్నం

ఓనర్ గారు నిన్నటిదంతా చూశారట. రేపట్నుంచి షాపు నువ్వే తెరువమ్మా అని తాళాలు చేతిలో పెట్టారు. నేనుండేది అక్కావాళ్లింట్లో. అక్కడ బీరువా తాళం నా కంట పడనివ్వరు. తప్పు వాళ్లది కాదు.

మార్చి 8, సాయంత్రం

ఏమైందో వరసగా రాస్తాను. ఇంటికనే బయల్దేరాను. కాళ్లు నేల మీద లేవు. అక్కకి చెప్పాలనుకుంటూ నడిచాను. తీరా చూస్తే పాత సందులో ఉన్నాను, మాత్రలు అమ్మేవాడి మెట్ల ముందు. ఎవరితోనూ గొడవ లేదు. ఏ బాధా లేదు. ఇంత సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అంతే. అప్పట్లో ఏడుపొచ్చినా మింగేదాన్ని, సంతోషమొచ్చినా మింగేదాన్ని.

మేడమ్ ఫోన్ ఎత్తలేదు. అక్కకి చేశాను. ఎవరేమన్నారే అంది. ఎవరూ ఏమీ అనలేదక్కా, షాపు తాళాలు నాకిచ్చారు అన్నాను. ఎక్కడున్నానో కూడా చెప్పాను. అక్కడే ఉండు, మెట్లెక్కకు అంది. ఎక్కలేదు.

తడిజుట్టుతో, బావ చెప్పులేసుకుని వచ్చింది. వస్తూనే నా బ్యాగ్ లాక్కుని వెతికింది. అప్పుడొచ్చింది కోపం. పిలిస్తే పరిగెత్తుకొచ్చిన మనిషిని నడివీధిలో నోటికొచ్చినట్టు తిట్టాను. ఊపిరీ లేదు, గీపిరీ లేదు. అంతా విని, అయిందా, ఇక నడవవే అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

మార్చి 9

అక్క వద్దన్నా ఓనర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తుడిచిన గాజునే మళ్లీ తుడుస్తూ ఉండిపోయారు. కొన్నాళ్లు తాళాలు నా దగ్గరే ఉండనీ, నువ్వు పనిలోకి రావడం మాత్రం మానకు అన్నారు. హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండిట్లో ఏది నిజం?

మార్చి 11

కోపానికి చెప్పారు సరే, సంతోషానికేం చెయ్యాలని మేడమ్‌ని అడిగాను. మంచి ప్రశ్న అంది. అంటే ఆవిడకీ తెలియదన్నమాట.

మార్చి 15

బావ చొక్కా తిరగేసుకుని ఆఫీసుకెళ్లి, అలాగే మీటింగ్ పెట్టి, అలాగే ఇంటికొచ్చాడు. నాకు నవ్వు ఆగలేదు. భయమేసి బాత్రూంలోకెళ్లి గడియ పెట్టుకున్నాను. అక్క తలుపు కొట్టింది. ఏడుస్తున్నావా అంది. కాదక్కా, నవ్వుతున్నా అన్నాను.

అయితే బయటికొచ్చి నవ్వు అంది.

గడియ తీశాను.