అరిగిన వైపు

జూన్ 3, సోమవారం

బండి కుడివైపుకి లాగుతోంది. స్టీరింగ్ కాస్త వదిలితే చాలు, కాలువలో దిగుదామా అన్నట్టు తిరుగుతోంది. కొండ మీది సెల్ టవర్ల దగ్గరికి టెక్నీషియన్లని తీసుకెళ్లి తీసుకురావడం నా ఉద్యోగం. ఆ దారిలో ఫోర్‌వీల్ డ్రైవ్ తప్ప ఇంకేదీ ఎక్కదు. నాకు అన్నం పెడుతున్న బండి ఇది. దీని మీద విసుక్కోకూడదు.

విసుక్కున్నాను.

జూన్ 5, బుధవారం

టైర్ల షాపుకి వెళ్లాను. నేను నోరు విప్పేలోపే షాపు పెద్దాయన బండి కిందకి సగం దూరిపోయాడు. కుడి ముందు టైరు లోపలి అంచు గుండులా నున్నగా అయిపోయింది. బయటి అంచు మాత్రం కొత్తదానిలా ఉంది. ఇన్నాళ్లూ నేను నిలబడి చూసి, బాగానే ఉందనుకుంటున్నాను.

కొత్తది వేసేయండి, ఎల్లుండి డ్యూటీ ఉందన్నాను. వేస్తాను గానీ అదీ ఇలాగే పోతుందమ్మా, ముందు ఎందుకు అరిగిందో చూద్దాం అన్నాడు. టైరు మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. ఒకవైపు నిమిరితే మెత్తగా జారింది, వెనక్కి నిమిరితే రంపంలా గీరుకుంది. లోపల బుష్ అనే రబ్బరు ముక్క చితికిపోయి చక్రం వంకరగా నడుస్తోందట. మధ్యలో అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండంచులూ అరిగితే తక్కువైనట్టు, ఒక్క పక్కనే అరిగితే మాత్రం బండిలో ఎక్కడో జబ్బున్నట్టు అన్నాడు.

కొండ దిగి తారు రోడ్డెక్కాక కూడా ఫోర్‌వీల్ లివర్ అలాగే ఉంచేస్తున్నారా అని అడిగాడు. నేను ఆకాశంలోకి చూశాను. పొడి రోడ్డు మీద ముందు చక్రాలూ వెనక చక్రాలూ పోట్లాడుకుంటాయి, మధ్యలో టైర్లు నలిగిపోతాయి అన్నాడు. అత్తాకోడళ్ల మధ్య మొగుడిలాగా అన్నాను. బండి కింద నుంచి చాలాసేపు నవ్వు వినిపించింది.

జూన్ 7, శుక్రవారం

బుష్ మార్చాడు, అలైన్‌మెంట్ చేశాడు. నాలుగూ ఒకే ఎత్తులో ఉండాలని నాలుగు టైర్లూ మార్చాడు. కొండెక్కి దిగాను. గీత గీసినట్టు తిన్నగా పోతోంది.

జూన్ 9, ఆదివారం

కొత్త పిచ్చి పట్టుకుంది. ఎక్కడ బండి కనిపించినా వంగి టైరు చూస్తున్నాను. పొద్దున ఎదురింటాయన తన కారు దగ్గర నన్ను చూసి, ఏమైనా పోయిందా అని అడిగారు. మీ గాలి పోయిందండీ అన్నాను.

అదే రోజు, సాయంత్రం

ఆ నవ్వు మీదే వచ్చి, గుమ్మంలో చెప్పులు సర్దుతున్నాను. మా ఆయన ఎడమ చెప్పు బొటనవేలి దగ్గర అరిగి బొక్క పడబోతోంది. కుడిది దాదాపు కొత్తది. బూట్లు తిప్పి చూశాను. స్కూలుకి వేసుకునేవీ అంతే, పాత కాన్వాస్‌వీ అంతే. మూడు జతలకీ ఎడమకాలే, అదే చోటు.

వంట చేయబుద్ధి కాలేదు.

జూన్ 10, సోమవారం

చెబితే, నాసిరకం చెప్పులు అన్నారు. మూడు జతలూనా అంటే మాట మార్చారు. అత్తయ్యేమో, వాడు చిన్నప్పట్నించీ అంతే, బడికి పంపితే కాళ్లీడ్చుకుంటూ పోయేవాడు అంది. ఇప్పుడదే బళ్లో డ్రాయింగ్ మాస్టారు కదా, ముగ్గురం నవ్వాం.

తర్వాత ఆయన మెట్లు దిగుతుంటే చెవి పెట్టి విన్నాను. ఒక అడుగు చప్పుడు. ఇంకో అడుగు గీరుడు.

జూన్ 11, మంగళవారం

డాక్టర్ దగ్గరికి రారట.

జూన్ 13, గురువారం

మూడు జతలూ తెచ్చి అత్తయ్య ముందు పెట్టాను. అరిగినచోట వేలితో తడిమి చూసింది. లేచి వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపేసింది. నువ్వు డాక్టర్‌కి చూపించుకొచ్చేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదురా అంది. ఆయన ఆకలికి ఆగలేని మనిషి. మధ్యాహ్నానికల్లా బండెక్కారు.

డాక్టరమ్మ చిన్న సుత్తితో మోకాళ్ల కింద తట్టారు. కుడికాలు మర్యాదగా కదిలింది. ఎడమకాలు ఎగిరి ఆవిడ టేబుల్‌ని తన్నింది. ఈయన సారీ చెప్పారు. ఆవిడ నవ్వలేదు. వెన్నుకి స్కాన్ రాశారు.

జూన్ 15, శనివారం

వెన్నులో గడ్డ. ద్రాక్షపండంత. నరాన్ని నొక్కేస్తోంది. చూస్తే చెడ్డరకంలా లేదు, కానీ ఇంకొన్నాళ్లు వదిలేసుంటే రెండు కాళ్లూ పడిపోయేవి అన్నారు. తీసేస్తే నడుస్తారా అని అడిగాను. నడవచ్చు అన్నారు. నడుస్తారు అనలేదు.

కారిడార్‌లో ఆయన నా చెయ్యి పట్టుకుని, కాలు మొద్దుబారుతోందని తనకి ముందే తెలుసన్నారు. రోజూ కొండెక్కేదానివి, నీ మనసు అక్కడుండాలని చెప్పలేదన్నారు. తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని మెట్లు దిగించాను.

జూన్ 19, బుధవారం, మధ్యాహ్నం

ఆపరేషన్ అయింది, గడ్డ మొత్తం వచ్చేసిందట. మాస్కు తీసి ఆ మాట చెప్పిన సర్జన్‌గారి ముఖం ఎలా ఉందో గుర్తులేదు, చెవుల మీద మాస్కు దారాల గుర్తులు మాత్రం గుర్తున్నాయి. కాసేపటికి మమ్మల్ని లోపలికి రానిచ్చారు. ఎడమకాలి బొటనవేలు కదపమని మా ఆయనకి చెప్పింది సిస్టర్. కదల్లేదు. మళ్లీ అడిగింది. కదల్లేదు. ఆయన కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. అత్తయ్య దుప్పటి పక్కకి లాగి, ఆ వేలు తన పిడికిట్లో పట్టుకుని వదిలి, కదపరా కన్నా అంది.

కదిలింది. చీమ తుమ్మినంత. సిస్టర్ కూడా చూసింది. నేను గోడకి తిరిగి ఏడ్చాను. అత్తయ్య ఏడవలేదు, ఇంకోసారి, ఇంకోసారి అంటూనే ఉంది.

జూలై 4, గురువారం

వాకర్ పట్టుకుని హాలు దాటారు. సాయం చేయబోతే కసిరారు. ఎంత హాయిగా ఉందో ఆ కసురు.

జూలై 8, సోమవారం

టైర్ల షాపుకి వెళ్లాను. థాంక్స్ ఎలా చెప్పాలో దారిపొడవునా అనుకుంటూ వెళ్లాను. తీరా నోట్లోంచి వచ్చింది ఒకటే, మా ఆయన నడుస్తున్నారండీ అని. పెద్దాయనకి అర్థం కాలేదు. మొదట్నుంచీ చెప్పాను. నేను టైరు సంగతే చెప్పానమ్మా, చెప్పులు చూసింది మీరు కదా అన్నాడు. గుడ్డ తీసుకుని, ఎప్పుడో శుభ్రమైపోయిన చేతుల్ని తుడుచుకుంటూనే ఉన్నాడు. రెండు టీలు తెప్పించాడు. ఇద్దరం ఒక టైరు మీద కూర్చుని తాగాం.

ఆగస్టు 21, బుధవారం

ఇంటికొచ్చేసరికి ఆయన లేరు. వాకర్ గోడ పక్కనే ఉంది, గుమ్మంలో ఆయన చెప్పులు మాత్రం లేవు. ఫోనూ ఇంట్లోనే ఉంది. ఎక్కడికెళ్లారో అత్తయ్యకీ చెప్పలేదట.

వెతకడానికి వెళ్లలేదు.