తాళాల పలకపై కమల పేరు

కర్నూలు, 1955
గురువారం రాత్రి

సాయంత్రం మస్తాన్ వచ్చాడు. తన ప్రెస్సులో గోడపత్రికలకు వాడి అరిగిపోయిన పెద్ద చెక్క అక్షరాలు మూడింటిని ఒక పలకకు బిగించి, కింద తాళాలకు కొక్కేలు పెట్టి తెచ్చాడు. తన కూతురికి చదువు చెప్పిన నా భార్య కమల పేరు అది. గుమ్మం పక్కన తానే మేకులు కొట్టాడు.

"తాళాలు దీనికే తగిలించండి సార్. యాడ పెట్టేది మీకే తెలీదని అమ్మ శానా సార్లు చెప్పి నవ్వినాది" అన్నాడు.

కాఫీ తాగి వెళ్ళమన్నాను.

అతను వెళ్ళాక అక్క చూసి, "ఇదేం రాతరా, ఉర్దూనా?" అంది.

అచ్చులో అక్షరాలూ, వాటి వరుసా కుడియెడమలుగా తిరగేసే ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా వాటినే చదువుతున్న మస్తాన్ కంటికి అవి సరిగ్గానే కనిపించి ఉంటాయి. చెబితే ఊడదీసి మళ్ళీ చేస్తాడు, కానీ మనసులో చిన్నబుచ్చుకుంటాడు. చెప్పకపోతే, వచ్చినవాళ్ళ నవ్వు రేపో మాపో అతని చెవిన పడుతుందేమో.

దీపం పట్టుకుని తలుపు గడియ వేయడానికి వెళ్ళాను. కమల బొట్టు పెట్టుకునే అద్దం ఎదురు గోడకే ఉంది. చూడలేక దాన్ని వేంపల్లెలో ఆమె చెల్లెలికి పంపేద్దామనుకున్నాను. కమల పోయిన ఎనిమిది నెలల తర్వాత ఈరోజు అందులోకి చూశాను. పేరు సరిగ్గా, స్పష్టంగా ఉంది.

అద్దం ఎవరికీ ఇవ్వను. పలక గురించి మస్తాన్‌కు ఏమీ అనను. రేపు ప్రెస్సుకు వెళ్ళి, బాగా చేశావని మాత్రం నోరు తెరిచి చెప్పాలి.