దిండుకు అనుమతి

బావమరిదికి,

దీవెనలు. మీ అక్క బాగుంది, పిల్లలు బాగున్నారు. నేను బాగున్నానని ఊరంతా అంటోంది కాబట్టి నేనూ బాగున్నట్టే లెక్క. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. మా ఇంట్లో గోడలకు చెవులు లేకపోయినా పిల్లలకున్నాయి. అందుకే ఉత్తరం.

పొట్ట ఆపరేషన్ అయ్యాక నేను సగానికి సగం కరిగిపోయానని నీకు తెలుసు. బరువు తగ్గకపోతే డ్రైవరు సీటు దిగమని కాగితం పంపింది మీ హెడ్డాఫీసు వాళ్ళే కదా. సీటు దిగడం కన్నా కడుపు కోయించుకోవడం నయమని కోయించుకున్నాను. మోకాళ్ళు తేలికయ్యాయి, మెట్లెక్కితే ఆయాసం లేదు, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ కూర్చోలేకపోతున్నానయ్యా. వెన్ను చివర ఉంటుందే, ముడ్డిపూస, అది సీటుకు తగిలితే మేకు మీద కూర్చున్నట్టుంది. డాక్టరును అడిగితే నవ్వి, "ఇన్నాళ్ళూ మీకు అక్కడ సొంత పరుపుండేది. ఒంట్లో కొవ్వుతో పాటు అదీ పోయింది. ఇది మామూలే" అన్నాడు. పరుపు తీసేసేముందు ఇంటాయనకు ఒక మాట చెప్పొచ్చుగా. వెనకవైపు మధ్యలో కోత పెట్టిన దిండు వేసుకుంటే ఆ ఎముక దేనికీ తగలకుండా ఉంటుందట. మధ్యమధ్య లేచి నిలబడాలట. కొన్నాళ్ళకు సర్దుకుంటుందట.

సీట్లు కుట్టేవాడి దగ్గర అలాంటి దిండు చేయించుకున్నాను. ఇంట్లో దాని మీద కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది. డిపోకి పట్టుకెళ్ళి, చెప్పకుండా వేసుకోవడం మర్యాద కాదని, మేనేజరును "సార్, ఇది సీటు మీద వేసుకోనా" అని అడిగాను. ఆయన దిండును అటూ ఇటూ తిప్పి, ఆ కోతలోంచి నన్ను చూసి, "హెడ్డాఫీసు అనుమతి కావాలి" అన్నాడు. నువ్వు ఆ సీట్ల సెక్షన్లోనే గుమాస్తావి కదా. ఎవరి చెవిలోనైనా ఒక మాట వేసి చిన్న చీటీ పంపించు.

ఇట్లు,
సరిగ్గా కూర్చోలేని నీ బావ

తా.క.: నొప్పి ఎక్కడో మాత్రం చెప్పకు. నడుము నొప్పి అను. డిపోలో నాకు ఇప్పటికే రెండు మారుపేర్లున్నాయి, మూడోది వద్దు.

*

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కారాలు. మీ ఉత్తరం చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మీరు చెవిలో వెయ్యమన్నారు గానీ, బావగారూ, మా ఆఫీసులో ఈ చెవిలో వేసిన మాట ఆ చెవిలోంచి పోతుంది. కాగితం మీద పెడితే ఎక్కడికీ పోదు. అందుకని మీ ఉత్తరాన్ని అర్జీగా దిద్ది ఫైలు తెరిచాను. మీ పరువు నా పరువు కాదా, మీరన్న ఆ ఎముక పేరు ఎక్కడా రానివ్వలేదు. "తీవ్రమైన నడుము నొప్పి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

మా సెక్షన్ పెద్దాయనకు ఎన్నేళ్ళ నుంచో నడుము నొప్పి. మీ అర్జీ చదివి ఆయన కదిలిపోయారు. "పాపం, మెత్తటి సీటు మీద కూర్చోబెట్టి మనిషిని పాడు చేశాం" అన్నారు. నడుముకు మెత్తన విషం, గట్టిది మందు అని ఆయన గట్టి నమ్మకం. ఇంట్లో కూడా బల్ల మీదే పడుకుంటారు. దిండు అన్న మాట కొట్టేసి, మీ బస్సులో సీటే మార్చేయమని ఉత్తర్వు ఇచ్చేశారు. లోపల చెక్క, పైన రెక్సిన్. మీరడిగింది దిండు, వస్తున్నది కొత్త సీటు. ఇంత త్వరగా కదిలిన ఫైలును నా ఉద్యోగంలో నేను చూడలేదు.

ఇట్లు,
మీ మేలు కోరే బావమరిది

తా.క.: కృతజ్ఞతగా రెండు ముక్కలు రాయండి, ఫైల్లో పెడతాను. పెద్దాయన తన బల్ల కొలతలు కూడా ఇస్తానంటున్నారు, మీ పడగ్గదికి.

*

బావమరిదికి,

దీవెనలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ అక్క పక్కనే నిలబడి చూస్తోంది కాబట్టి, దీవెనలు.

మీ చెక్క వచ్చింది. నా పాత సీటు పీకేసి ఆ పీట బిగించారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది నా పని. స్పీడ్ బ్రేకరు కనిపిస్తే చాలు, ఒక చేత్తో కిటికీ చువ్వ పట్టుకుని సగం పైకి లేస్తున్నాను. నడుస్తున్న బస్సులో డ్రైవరు సీట్లోంచి లేస్తే జనం ఏమనుకుంటారో నీకేం తెలుసు. నిన్న బజారు మలుపులో నేను లేవగానే ముందు సీట్లో ఉన్న లెక్కల మాస్టారు "డ్రైవరు దూకేస్తున్నాడు" అని అరిచాడు. బస్సంతా లేచి నిలబడింది. "దూకడం లేదండీ, ఆయనకు నొప్పి" అన్నాడు కండక్టరు. "ఎక్కడ నాయనా" అందొక పెద్దావిడ. వాడు నా పరువు కాపాడాలని నడుమన్నాడు. ఆవిడ దిగేదాకా నడుముకు చిట్కాలు చెప్పింది. అన్నీ కింద కూర్చుని చేసేవే.

తప్పు నాదే. సిగ్గుపడి నడుమన్నాను. ఇక రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడమెందుకు. ముడ్డిపూస అని పెద్ద అక్షరాలతో రాయి. ఆపరేషన్‌కు ముందు ఈ నొప్పి లేదని, తర్వాతే వచ్చిందని, దిండొక్కటి ఉంటే చాలని ఉన్నదున్నట్టు రాయి. నాకు బండి నడపడం తప్ప ఇంకే పనీ రాదు. స్టీరింగు చేతిలో ఉంటేనే నేను మనిషిని. అది పోతుందేమోనని భయంగా ఉంది, నీ దగ్గర దాపరికమెందుకు.

ఇట్లు,
సగం లేచి ఉన్న నీ బావ

తా.క.: మీ పెద్దాయన బల్ల నాకొద్దు. ఇప్పుడు బోర్లా పడుకుంటున్నాను. "ఇన్నాళ్ళూ మీ గురక నేను వినేదాన్ని, ఇప్పుడు తలగడ వింటోంది" అంటోంది మీ అక్క.

*

బావగారికి,

అనేక నమస్కారాలు. మీరు నిజం రాయమన్నారు, రాశాను. కానీ పెద్దలు చదివే కాగితంలో ఆ మాట ఎలా రాయను. "వెన్ను చివరి ఎముక" అని రాసి, అర్థం కాకపోతే ఇబ్బందని పక్కనే చిన్న బొమ్మ వేశాను. బొమ్మ బాగా కుదిరింది. పక్క సెక్షన్ల వాళ్ళు కూడా వచ్చి చూసి వెళుతున్నారు. హెడ్డాఫీసులో ఇప్పుడు మీరు తెలియనివాళ్ళు లేరు.

ఒక్కటే చిక్కు. "ఆపరేషన్‌కు ముందు నొప్పి లేదు" అన్న చోట లా ఆఫీసరుగారు ఆగిపోయారు. బరువు తగ్గమని కాగితం ఇచ్చింది మనమే కదా, ఈ మనిషి రేపు తన నొప్పిని మన నెత్తిన రుద్దుతాడేమో అన్నారు. మీరు దిండు అడుగుతున్నారని నేను, మీరు తగవుకు కాలు దువ్వుతున్నారని వాళ్ళు. మధ్యలో మా ఆఫీసు డాక్టరుగారు ఒక ఉపాయం చెప్పారు. ముందున్న స్థితికి వస్తే నొప్పి పోతుంది కాబట్టి, మీరు ఆ భాగంలో కాస్త ఒళ్ళు చెయ్యాలట. ఆ భాగంలోనే సుమండీ. మిగతా చోట్ల పెరిగితే పాత కాగితం ప్రకారం చర్య తప్పదన్నారు.

చివరికి మిమ్మల్ని మెడికల్ బోర్డు ముందుకు పిలవాలని తేల్చారు. కంగారు పడకండి. మీరు కూర్చోగలరా లేదా అన్నది చూస్తారు, అంతే. బోర్డు మా ఆఫీసులోనే కాబట్టి నేనూ అక్కడ ఉందామనుకున్నాను గానీ, ఆ రోజు సీటు వదిలి రావడానికి నాకు అనుమతి దొరకలేదు.

ఇట్లు,
మీ పని మీదే ఉన్న బావమరిది

తా.క.: బయట ఇనప బెంచీ మీద చాలాసేపు కూర్చోవాలి, మీ దిండు తెచ్చుకోండి. లోపలికి మాత్రం తీసుకెళ్ళకండి. దానికింకా అనుమతి రాలేదు.

*

బావమరిదికి,

మీ బోర్డును చూశాను. మీ ఇనప బెంచీని అంతకన్నా ఎక్కువ చూశాను. దిండును మీ గేటు దగ్గరే వాచ్‌మన్ పట్టుకుని, ఇదేమిటని అడిగి, వేసుకుని కూర్చుని చూసి, బాగుందన్నాడు. నన్ను బెంచీ మీదకు పంపాడు. లోపలికి పిలిచేసరికి ప్రాణం కళ్ళలోకొచ్చింది.

లోపల ముగ్గురున్నారు. "కూర్చోండి" అన్నారు మర్యాదగా. ముందున్నది చెక్క కుర్చీ. "ఫరవాలేదు సార్, నిలబడతాను" అన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను దిండు సంగతి ఎత్తేలోపే మధ్యలో ఉన్నాయన "కూర్చోలేడు" అని రాసేశాడు. "దిండుంటే ఎంతసేపైనా కూర్చుంటాను సార్. గేటు దగ్గర మీ వాచ్‌మన్ కింద ఉంది, తెచ్చి చూపించనా" అన్నాను. "దిండ్ల సంగతి మేం చూడం" అన్నాడాయన. కూర్చోలేనివాడు డ్రైవింగుకు పనికిరాడట. నిలబడి చేసే పని ఇచ్చారు. డిపో గేటు దగ్గర నిలబడి, బయటికెళ్ళే బస్సులకు దారి చూపించి చెయ్యూపాలి. రేపటి నుంచే.

నేను లావుగా ఉన్నన్నాళ్ళూ దగ్గొచ్చినా లావే కారణం, పన్ను నొప్పన్నా లావే కారణం. ముందు తగ్గు, తర్వాత మాట్లాడు అన్నారు. తగ్గాక నొప్పంటే, సన్నబడ్డావుగా ఇంకేం కావాలి అంటున్నారు. లావుగా ఉన్నప్పుడు వినలేదు, తగ్గాకా వినలేదు. మరి నా మాట వినడానికి నేను ఎంత బరువుండాలో మీ ఆఫీసు ఎప్పుడైనా నిర్ణయించిందా? ఆ సీటు కోసం కడుపు కోయించుకున్నాను. ఇప్పుడు కడుపూ లేదు, సీటూ లేదు. పిల్లల ముందు నవ్వుతూనే ఉన్నాను. మీ అక్క ఒక్కతే నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇట్లు,
నీ బావ

తా.క.: తిరిగొచ్చేటప్పుడు వాచ్‌మన్ దిండు ఇవ్వనన్నాడు. హెడ్డాఫీసు ఆవరణలో పట్టుకున్న వస్తువు కావాలంటే అర్జీ పెట్టుకోవాలట. నువ్వు మాత్రం పెట్టకు.

*

పూజ్యులైన బావగారికి,

శుభవార్త. మీ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఫైలు చంకన పెట్టుకుని గది గదికీ తిరిగాను. కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఎట్టకేలకు దిండు మంజూరైంది, బావగారూ. కోత కొలతలతో సహా. ఆ చెక్క సీటు తీయించేసి మళ్ళీ మెత్తటి సీటు వెయ్యడానికి మా పెద్దాయన కూడా ఒప్పుకున్నారు, మనసు చంపుకుని.

ఒక చిన్న సంగతి. దిండు మంజూరైంది సీటుకు, మనిషికి కాదు. మనుషులు వస్తుంటారు పోతుంటారు, సీటు స్థిరం అని ఇక్కడి పద్ధతి. కాబట్టి అది మీ పాత బస్సులోనే ఉంటుంది. ఇప్పుడు దాన్ని నడిపే కొత్త డ్రైవరు మిమ్మల్ని రోజూ తలుచుకుంటాడు. పోరాడింది మీరు, సుఖపడేది ఆయన అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ గెలుపు గెలుపే కదా.

ఇట్లు,
మీ విజయానికి సంతోషిస్తూ, బావమరిది

తా.క.: "బరువు తగ్గి ఆరోగ్యంగా ఉన్న మన డ్రైవరు" అని మా నోటీసు బోర్డులో మీ ఫోటో పెట్టారు. దొరికింది పాత ఫోటో. అందులో మీరు బాగా లావుగా ఉన్నారని మెడ దాకా కత్తిరించి పెట్టారు.

*

బావమరిదికి,

దీవెనలు. ఈసారి మనస్ఫూర్తిగానే రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ఈ వ్యవహారంలో ఆఖరు.

మంజూరైన దిండు వచ్చింది. కొత్త డ్రైవరు మంచి ఒళ్ళున్న మనిషి. దేవుడిచ్చిన పరుపు ఆయనకు ఇంకా ఉంది. ఒకరోజు కూర్చుని, ఆ కోత గుచ్చుకుంటోందని తీసి సీటు వెనక పడేశాడు. ఇప్పుడు దాని మీద జాకీ పెడుతున్నారు. మర్నాడు ఆయన ఇంటి నుంచి పువ్వుల గలేబు తొడిగిన తలగడ ఒకటి చంకలో పెట్టుకొచ్చి, సీటు మీద వేసుకుని, నేను చెయ్యూపితే తనూ చెయ్యూపి గేటు దాటి వెళ్ళిపోయాడు.

అప్పుడు కళ్ళు తెరిచి మిగతా బస్సులు చూశాను. ఒకడి సీటు మీద మడత పెట్టిన దుప్పటి. ఒకడికి పాత తువ్వాలు. ఒకడు పిల్లల పరుపు వేసుకున్నాడు. ఇన్నేళ్ళూ నా పక్కనే ఉన్నా నా కంటికి ఆనలేదు, నాకా అవసరం రాలేదు కాబట్టి. సరాసరి మేనేజరు గదిలోకి వెళ్ళాను. "సార్, ఆయన తలగడ వేసుకున్నాడు. హెడ్డాఫీసు అనుమతి ఉందా" అన్నాను. ఆయన తలెత్తకుండానే చెప్పాడు.

"అతను అడగలేదుగా. నువ్వడిగావు."

అంతేనయ్యా. ఆ పొద్దున దిండు తీసుకుని నోరు మూసుకుని బస్సెక్కి ఉంటే, నేనీపాటికి బజారు మలుపు తిరుగుతూ ఉండేవాణ్ణి. గేటు దగ్గర నిలబడి బయటికెళ్ళే బండ్లను చూస్తుంటే ఏడుపొస్తోంది. చెయ్యి ఊపాలి కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కూడా రెండో చెయ్యి వాడాలి. నీ మీద కోపం లేదు. ఉంది గానీ, నువ్వు మంచి చేద్దామనే చేశావు, అందుకే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇక నా కోసం ఎవర్నీ ఏమీ అడగకు.

ఇట్లు,
నొప్పి లేని నీ బావ

తా.క.: నొప్పి లేదంటే నిజంగానే లేదు. రోజంతా నిలబడే ఉంటే అదెందుకు వస్తుంది. ఆ మాటే డాక్టరుకు చెప్తే చాలా సంతోషపడి, ఆపరేషన్‌కు భయపడే వాళ్ళకు ధైర్యం చెప్పడానికి నా దగ్గరికి పంపుతానన్నాడు. పంపమన్నాను. ఎప్పుడొచ్చినా నిలబడే ఉంటానని చెప్పాను.